కంట్రీ సింగర్‌కి వెబ్‌సైట్ చేస్తుంటే...

నాష్‌విల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి గిటార్ భుజాన వేసుకున్న పొరుగువాళ్లు కొత్త కాదు. మా వీధిలోని ఒక కంట్రీ సింగర్ తన వెబ్‌సైట్ మళ్లీ చేసిపెట్టమని నన్ను అడిగింది. ఇక్కడి తెలుగు సంఘం సైట్ నేనే చూసుకుంటానని ఆమెకు తెలుసు. నేను చదివింది బీఎస్సీ మ్యాథ్స్, వెబ్ డిజైన్ చేస్తూ నేర్చుకున్నదే. రంగులు, ఫాంట్లు మాట్లాడుకుందామని కూర్చున్నాం గానీ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

ఆమె పేరు మీద లేదు. పాత సైట్ చేసిచ్చిన పరిచయస్తుడు తన పేరుతో, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకున్నాడు. తర్వాత ఇద్దరికీ చెడింది. సీడీల మీద, టీషర్టుల మీద అచ్చయిన అడ్రసు ఆమె సొంత పేరే, కానీ తాళం ఆయన దగ్గరుంది.

డబ్బు ఎవరు కట్టినా, రిజిస్ట్రెంట్‌గా ఎవరి పేరుంటే డొమైన్ మీద హక్కు వాళ్లదే. 1999లో వచ్చిన యూడీఆర్‌పీ నిబంధనల కింద ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు ఉందనీ, అవతలివాళ్లు దురుద్దేశంతో తీసుకున్నారనీ చూపించాలి. జూలియా రాబర్ట్స్ 2000లో తన పేరు గెలుచుకుంది. 2001లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అంతటివాడే ఓడిపోయాడు. మేము ఆ దారి పట్టలేదు. పేరు చివర 'మ్యూజిక్' తగిలించి కొత్త డొమైన్ కొన్నాం. ఆమె పేరుతో, ఆమె కార్డుతో, ఆటో రెన్యువల్ పెట్టి. హోస్టింగ్ పాస్‌వర్డు కూడా ఆమెదే, నాకు ఎడిటర్ లాగిన్ చాలు.

ఇక డిజైన్. టోపీ, బూట్లు, చెక్క పలకల బ్యాక్‌గ్రౌండ్ అన్నీ ఆమె తెచ్చిన నమూనాల్లో ఉన్నాయి. ఒక్క మంచి ఫొటో ఉంచి మిగతావన్నీ తీసేశాం. పేజీ తెరవగానే దానంతటదే మోగే పాట కూడా వద్దన్నాను, ఆఫీసులో తెరిచినవాళ్లు వెంటనే మూసేస్తారు. షోల తేదీలు పోస్టర్ బొమ్మగా పెట్టకూడదు (మన సంఘాల ఫ్లయర్ల జబ్బే ఇది!). అక్షరాలుగా టైప్ చేస్తేనే ఫోన్లో చదవడానికి వీలు, గూగుల్‌కి దొరకడానికి వీలు.

షో ఇచ్చేవాళ్ల కోసం వేరే పేజీ కావాలి. అందులో చిన్న పరిచయం ఒకటి, పెద్దది ఒకటి, అడ్డంగా నిలువుగా పెద్ద సైజు ఫొటోలు, స్టేజి మీద పాడిన వీడియో ఒకటి, స్టేజ్ ప్లాట్, బుకింగ్ ఈమెయిల్. స్టేజ్ ప్లాట్ అంటే ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు కావాలి అని చూపే కాగితం. ఫొటోలకు తీసినవాళ్ల అనుమతి కావాలి. డబ్బిచ్చి తీయించుకున్నా, మరోలా రాసుకోకపోతే కాపీరైట్ సాధారణంగా ఫొటోగ్రాఫర్‌దే.

నేను ఎక్కువ సమయం పెట్టింది పాటల పేజీ మీద. ఈ ఊళ్లో పాట రాసినవాళ్లకి ఉన్న గౌరవం వేరు. 1982లో మొదలైన బ్లూబర్డ్ కేఫ్‌లో రచయితలే గుండ్రంగా కూర్చుని తమ పాటలు తాము పాడుకుంటారు. ఒక పాటను ఇద్దరు ముగ్గురు కలిసి రాయడం మామూలు. అందుకే ప్రతి పాట కింద రాసినవాళ్లందరి పేర్లూ పెట్టాం. ఆమె పాడిన ఇతరుల పాటల దగ్గర మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చింది. అమెరికాలో ఒకసారి విడుదలైన పాటను మళ్లీ పాడి ఆడియోగా అమ్మడానికి మెకానికల్ లైసెన్స్ చట్టప్రకారం దొరుకుతుంది. వీడియోకి అది సరిపోదు, పబ్లిషర్ అనుమతి విడిగా కావాలి. సాహిత్యం పేజీలో పెట్టడానికీ అంతే. రెండు వీడియోలు తీసేశాం, ఆమెకి కాస్త బాధేసింది.

సోషల్ మీడియా ఉండగా ఇదంతా ఎందుకంటారా? 2015కి ముందు ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. అభిమానుల ఈమెయిళ్ల జాబితా మన దగ్గరుంటే ఏ యాప్ మూతపడినా కబురు పంపొచ్చు. అయితే 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ప్రచార మెయిల్‌లో పోస్టల్ అడ్రసు, ఆపేయమని చెప్పే మార్గం ఉండాలి. ఒంటరిగా ఉండే ఆడపిల్ల ఇంటి అడ్రసు వందలమందికి పంపడమేంటని పోస్టాఫీసులో పీవో బాక్స్ తీసుకోమన్నాను. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది.

మనవాళ్ల కోసం ఒక మాట. నాకు హెచ్-4 ఈఏడీ ఉంది కాబట్టి డబ్బు తీసుకున్నాను. అది లేనివాళ్లు ఇలాంటి పని ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. డబ్బు బదులు పిల్లలకి గిటార్ నేర్పించుకుంటే ఫర్వాలేదనుకోవద్దు.

సైట్ పోయిన నెల మొదలైంది. పాత అడ్రసులో ఎప్పటివో షోల తేదీలు ఇంకా అలాగే ఉన్నాయి. మిగిలిన సీడీల మీద కొత్త అడ్రసు స్టిక్కర్లు అంటించే పని మా అమ్మాయి తీసుకుంది. మా డైనింగ్ టేబుల్ మీద ఇంకా రెండు పెట్టెలున్నాయి.