యంత్రముల నడుమ దుబాసీలు

కంపెనీవారి కాలమున చెన్నపట్టణమునకు వచ్చిన ఇంగ్లీషు వర్తకులకు మన భాషలు రావు. ఇచ్చటి వర్తకులకు వారి భాష రాదు. నడుమ దుబాసీ లేనిదే బేరము సాగెడిది కాదు. ఇరువదవ శతాబ్దమున కంప్యూటర్లకును ఇట్టి దుబాసీలే కావలసివచ్చిరి. వారికి గేట్‌వే, అనగా ద్వారము, అని పేరు.

1969లో అమెరికాలో నాలుగు కేంద్రములతో ఆర్పానెట్ అను వల ఏర్పడెను. సమాచారమును చిన్న పొట్లములుగా విడదీసి తీగలపై పంపుట దాని పద్ధతి. పిదప రేడియో తరంగములపై నడచు వల యొకటి, ఉపగ్రహము ద్వారా అట్లాంటిక్ సముద్రమును దాటు వల యొకటి వెలసినవి. పొట్లమెంత యుండవలెను, చిరునామా యెట్లు వ్రాయవలెను, తప్పునెట్లు దిద్దవలెను అను విషయములలో దేని నియమావళి దానిదే.

1973లో లండను యూనివర్సిటీ కాలేజీయందు పీటర్ కిర్‌స్టైన్ బృందమువారు ఆర్పానెట్‌తో సంబంధము కలిపిరి. రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలోని పెద్ద ఐ.బి.ఎం. యంత్రమునకు ఆర్పానెట్ నియమములు తెలియవు. దానిని మార్చక, నడుమ నొక చిన్న యంత్రమును నిలిపి, ఇరుప్రక్కల భాషలను దానికి నేర్పిరి. ఇది అచ్చమైన దుబాసీతనము.

అయితే వలలు పెరిగినకొలది చిక్కు పెరుగును. పది వలలున్నచో జతలు నలువదియైదు. జతకొక దుబాసీని ఎచ్చట వెదకగలము? 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు వేరొక యుపాయమును ప్రకటించిరి. అన్ని వలలకు సమ్మతమగు ఉమ్మడి కవరులో సమాచారముంచవలెను. గేట్‌వే లోపలి సంగతి చదువనక్కరలేదు; కవరుపై చిరునామా చూచి, ఒక వల తొడుగు విప్పి, రెండవ వల తొడుగు తొడిగి పంపిన చాలును. పొట్లము పెద్దదైనచో ముక్కలు చేయును. ముక్కలను తిరిగి కూర్చుట గ్రహీత పని.

1977 నవంబరు 22న ఈ యుపాయమునకు పరీక్ష జరిగెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున రోడ్డుపై పోవుచున్న వ్యానునుండి రేడియో ద్వారా బయలుదేరిన సమాచారము ఆర్పానెట్ చేరి, ఉపగ్రహము మీదుగా లండను తాకి, మరల అమెరికాకు వచ్చి, దక్షిణ కాలిఫోర్నియాలోని యంత్రమున కందెను. మూడు వలలు ఒక్కటియై పనిచేసినవి. 1983 జనవరి 1న ఆర్పానెట్ తన పాత నియమావళిని విడిచి ఈ క్రొత్తదానిని స్వీకరించెను.

అంతమాత్రమున దుబాసీల పని తీరలేదు. 1984లో బ్రిటిషు విశ్వవిద్యాలయముల కొరకు ఏర్పడిన జానెట్ వలలో చిరునామా దేశముతో మొదలై శాఖతో ముగిసెడిది. అమెరికా పద్ధతి దీనికి తలక్రిందులు. ఉత్తరములను దాటించు గేట్‌వే ప్రతి చిరునామాను త్రిప్పి వ్రాయవలసివచ్చెను. అందు ‘సి.ఎస్.’ అను రెండక్షరములు కంప్యూటరు శాఖకు గుర్తు. చెకోస్లొవాకియా దేశమునకును అవియే గుర్తు. ఏ కొసనుండి చదువవలెనో తెలియక పొరబడుటకు తావు కలిగెను. 1991 నుండి జానెట్ సైతము ఉమ్మడి నియమావళికి చోటిచ్చినది.

దుబాసీ ఎంత నేర్పరియైనను, ఒక భాషలో లేని మాటను రెండవ భాషలోనికి తేలేడు, కొంత జారిపోకతప్పదు. ఉమ్మడి కవరు ఆ నష్టమును తగ్గించినది. కాని అందరును ఆ కవరునకు సమ్మతించువరకు మనుష్యులను కలిపి యుంచినవి ఆ దుబాసీ యంత్రములే. నేడును ఇంటర్నెట్టులో పాత చిరునామాల పద్ధతి, క్రొత్త పద్ధతి ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. వాని నడుమ తర్జుమా సాగుచునేయున్నది. మన చేతిఫోనులో వార్త యొకటి క్షణములో తెఱచుకొనినపుడు, త్రోవలో నిలిచియున్న ఆ కనబడని దుబాసీలను మనమొకపరి తలచుకొనుట న్యాయము.