ఊపిరితిత్తి యంత్రము

కమ్మరి కొలిమితిత్తి బీటలువారిన పని నిలుచును. నీట మునిగినవాని గాలియంత్రము బీటలువారిన ప్రాణమే పోవును. దాని చరిత్రమును మనవి చేసెదను.

బోథుకు తూర్పున బెల్లంపల్లి బొగ్గుగనులు మీరెరుగుదురు. గనులలో చెడుగాలి భయము పెద్దది. అందులకై 1860లో ఫ్రాన్సుదేశపు గనుల ఇంజనీరు రుకెరోల్, పీల్చినప్పుడే గాలినిచ్చు యంత్రమును నిర్మించెను. 1864లో నౌకాదళోద్యోగి దెనెరూజ్‌తో కలిసి దానిని నీటిపనికి అనువుపరచెను. 1943లో కూస్తో, గన్యాన్ అనువారు వీపున గాలిసీసాతో స్వేచ్ఛగా ఈదునట్లు క్రొత్త యంత్రమును కూర్చిరి.

అన్నింటికిని ప్రాణము పలుచని రబ్బరుపొరయే. పిమ్మట ప్లాస్టిక్కు భాగములును చేరినవి. ఇవి వాడకున్నను ఏండ్లు గడిచినకొలది గట్టిపడి పగులును. కావున నియమముగా విప్పి, శుభ్రపరచి, పాతబడిన భాగములను మార్చవలెను. కొన్నేండ్లలో ఆ వ్యయము యంత్రపు వెలను మించవచ్చును. అయినను దానిని దండుగ యని నేననను. పనిలేని దినములందును తిత్తికి నూనె పట్టించు కమ్మరిని మనము దుబారామనిషి యందుమా?