కంటి చుక్కల వెనుక కథ

మా నాన్నగారు తెనాలిలో శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఏడాది దాటాక, కొత్త కళ్లజోడు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లారు. కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందనీ, పక్కచూపు కొంత పోయిందనీ అక్కడ తేలింది. ఆరా తీస్తే, కొన్ని వారాలకని రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కల్ని ఆయన ఏడాదిగా వేసుకుంటూనే ఉన్నారు. "వేసుకుంటే హాయిగా ఉండేదిరా. మందుల షాపులో అడిగితే ఇచ్చేవాళ్లు" అన్నారు ఫోన్లో. ప్రతి ఆదివారం ఫోన్ చేసే నేను, ఆపరేషన్‌కి ఎంతయిందని అడిగాను గానీ, చుక్కలు ఎప్పుడు ఆపమన్నారని ఒక్కసారీ అడగలేదు. ప్రోగ్రాములు రాసుకుని బతికే నాకు వైద్యం తెలియదు. ఆ చిన్న సీసాలో ఏముందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

కంటిని కోస్తే, శరీరం దాన్ని గాయంగానే చూస్తుంది. ఎరుపు, వాపు, నొప్పి వస్తాయి. వాపు ముదిరితే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వెనకున్న కటకానికి అతుక్కుపోవచ్చు, చూపు మసకబారవచ్చు. 1950కి ముందు దీన్ని అణచే గట్టి మందు లేదు. పాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు, కాపడాలు, తల కదలకుండా రోజుల తరబడి మంచం మీద పడుకోవడం, ఇవే గతి.

మార్పు కీళ్లనొప్పుల వార్డు నుంచి వచ్చింది. ఎడ్రినల్ గ్రంథుల నుంచి ఎడ్వర్డ్ కెండల్ వేరుచేసిన పదార్థాల్లో ఒకదాన్ని, 1948 సెప్టెంబరులో మినెసోటాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కదలలేని ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. ఆ పదార్థమే కార్టిసోన్. 1950లో వారిద్దరికీ, స్విట్జర్లాండ్‌కు చెందిన రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం జాన్స్ హాప్కిన్స్‌లో ఆలన్ వుడ్స్ దాన్ని కంటి వాపులకు వాడి ఫలితాలు ప్రకటించారు.

మరోపక్క 1949 నవంబరు 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో ప్లాస్టిక్ కటకం అమర్చారు. ఆ తొలి ఆపరేషన్లకు వాపు పెద్ద బెడద. సరైన సమయానికే మందు దొరికిందన్నమాట.

అయితే మందు బంగారం కన్నా అపురూపం. పశువుల పైత్యరసం నుంచి ముప్పైకి పైగా మెట్లలో తయారుచేయాలి. 1952లో అప్‌జాన్ కంపెనీ ఒక బూజు సాయంతో ఆ దారిని బాగా కుదించింది. మెక్సికో అడవి దుంపల నుంచి ముడిసరుకు రావడంతో ధర దిగివచ్చింది. 1950ల రెండో సగంలో లెడర్లీ కంపెనీ ట్రయామ్సినలోన్ తెచ్చింది. కంటి లోపలి వాపులకు ఇంజెక్షన్‌గా అది నేటికీ వాడుకలో ఉంది. లెడర్లీ పరిశోధనలకు ఒకప్పుడు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన 1948లోనే కన్నుమూశారు కనుక ఈ మందు ఆయనది కాదు. అయినా ఆ పేరు కనబడగానే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

కథలో మలుపు 1954లో వచ్చింది. కార్టిసోన్ చుక్కలు ఎక్కువకాలం వాడినవారిలో నీటికాసుల వ్యాధి కనబడిందని బెల్జియం వైద్యుడు జూల్ ఫ్రాన్స్వా తెలియజేశారు. 1960లలో బెకర్, ఆర్మలీ అనే వైద్యులు విడివిడిగా పరీక్షించి చూశారు. కొన్ని వారాలు చుక్కలు వేస్తే, సుమారు మూడోవంతు మందిలో కంటి ఒత్తిడి ఓ మోస్తరుగా పెరిగింది. నూటికి అయిదుగురిలో బాగా పెరిగింది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు తిరిగిరాదు.

అలాగని భయపడి మధ్యలో మానేస్తే అణిగిన వాపు మళ్లీ లేస్తుంది. అందుకే డాక్టర్లు మొదట ఎక్కువసార్లు వేయించి, వారవారం తగ్గిస్తూ ఆపిస్తారు. ఆపే తేదీ కూడా మందులో భాగమే.

నాన్నగారు ఇప్పుడు ఒత్తిడి తగ్గించే వేరే చుక్కలు వేసుకుంటున్నారు. మిగిలిన చూపు నిలబడింది. మీ అమ్మగారికో నాన్నగారికో కంటి ఆపరేషన్ అయితే, ఈసారి ఫోన్లో చుక్కలు ఎప్పుడు ఆపమన్నారని అడగండి. చీటీ చూసి చదవమనండి. కంటి ఒత్తిడి పరీక్ష ఎప్పుడో కూడా కనుక్కోండి. నేను అడగని ప్రశ్నలు అవే.