వైఫై కార్డు తలరాత

టీపీ-లింక్ వారి డబ్ల్యుఆర్841ఎన్ అనే రౌటరు మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్ల డబ్బా, వెనక రెండు కొమ్ములు. దాని పాత మోడళ్ళలో ఫ్లాష్ మెమరీ మొత్తం 4 ఎంబీ. అందులో చిట్టచివరి 64 కేబీ ముక్కకి "ఆర్ట్" అని పేరు. చిత్రకళకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఎథెరోస్ రేడియో టెస్ట్ అన్న మాటలకి పొట్టిపేరు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించబోయి ఫ్లాష్ మొత్తం చెరిపేసుకున్నవాళ్ళకి ఈ ముక్క విలువ బాగా తెలుసు. కెర్నెల్ బూటవుతుంది, లాన్ పోర్టులు పనిచేస్తాయి, లాగిన్ కూడా అవ్వచ్చు. వైఫై మాత్రం లేవదు. ఫర్మ్‌వేరైతే కంపెనీ సైటు నుంచి దించుకోవచ్చు. ఈ 64 కేబీ ఎక్కడా దొరకదు. ఎందుకంటే అది ఆ మోడల్‌ది కాదు, ఆ ఒక్క పెట్టెది. పుట్టిన రోజున ఫ్యాక్టరీలో దాన్ని కొలిచి, వచ్చిన అంకెల్ని దాని నుదుటనే రాసి బయటికి పంపించారు. మనవాళ్ళు తలరాత అనేది ఇలాంటిదాన్నే.

ఆ రాత రాసే పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకుందామని ఈ టపా. దీనికి నాకో స్వార్థం కూడా ఉంది. మన సాఫ్టువేరు జనాల్లో "టెస్టింగా?" అని కాస్త ముక్కు విరిచే అలవాటు ఉంది. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, డెవలపర్ కాలేనివాళ్ళకి రెండో దారి, ఇలాంటి మాటలు అందరం విన్నవే. సాఫ్టువేరులో టెస్టింగ్ వస్తువుని మార్చదు, బాగుందో లేదో చెబుతుంది అంతే. రేడియో విషయంలో అలా కాదు. అక్కడ టెస్టు అయ్యేదాకా వస్తువే తయారవ్వదు.

ఎందుకంటారా? ఒకే డిజైను, ఒకే లైను, ఒకే రోజు తయారైన రెండు కార్డులు ఒకేలా ఉండవు. చిప్పులో ట్రాన్సిస్టర్ల గెయిన్ కొంచెం తేడా, క్రిస్టల్ కొంచెం తేడా, ఫిల్టరు కొంచెం తేడా, బోర్డు మీద టంకం పడిన తీరు కొంచెం తేడా. ఒకటికీ సున్నాకీ పనిచేసే డిజిటల్ సర్క్యూట్ ఈ కొంచేల్ని పట్టించుకోదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అన్నీ కలిసి కొన్ని డెసిబెల్స్ అవుతాయి. 3 డెసిబెల్స్ అంటే పవర్ రెట్టింపో సగమో అయినట్టు.

ఇదేం కొత్త తలనొప్పి కాదు. పాత ట్రాన్సిస్టర్ రేడియో విప్పి చూస్తే లోపల చదరంగా చిన్న చిన్న రేకు డబ్బాలు, వాటి నెత్తిన రంగురంగుల మరలు కనిపించేవి. అవి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు. సిగ్నల్ జనరేటర్ నుంచి 455 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పంపిస్తూ, మీటరు ముల్లు చూస్తూ, ఒక్కో మరనీ సరైన చోటికి తిప్పాలి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్‌ది అయితీరాలి. ఇనుపది దగ్గర పెడితే కాయిల్ విలువే మారిపోతుంది. తిప్పడం అయ్యాక కదలకుండా ఒక చుక్క మైనం. ఆ మర ఆగిన చోటే ఆ సెట్టు కాలిబ్రేషన్ డేటా, మైనమే దాని రైట్-ప్రొటెక్ట్ :). హైదరాబాదులో 1967లో పెట్టిన ఈసీఐఎల్ 70లలో ఈసీ టీవీలు తయారుచేసింది. ఆ కాలం టీవీలకీ ఇలాంటి ట్యూనింగ్ తప్పేది కాదు. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో రేడియో మెకానిక్ దగ్గర సెట్టు ఇస్తే, "మరలు ఎవరు ముట్టుకున్నారు?" అని మొదట అడిగేవాడు. ఇంట్లో ఎవరో ఒక పిల్లాడు తిప్పేసి ఉండేవాడు మరి.

వైఫై వచ్చేసరికి మరలు తిప్పే తీరిక లేదు. 1985లో అమెరికాలో ఎఫ్‌సీసీ, లైసెన్సు లేకుండా స్ప్రెడ్ స్పెక్ట్రమ్ వాడుకోవడానికి కొన్ని బ్యాండ్లు వదిలింది. నెదర్లాండ్స్‌లో ఎన్‌సీఆర్ ఇంజినీర్లు వేవ్‌లాన్ కార్డు చేశారు. మొదట్లో వెయ్యి డాలర్లు దాటిన వస్తువది. ఆ ధరలో మనిషి కూర్చుని తీరిగ్గా కొలవచ్చు. 1997లో 802.11 ప్రమాణం, 1999లో 802.11బి వచ్చాయి. అదే 1999లో యాపిల్ ఎయిర్‌పోర్ట్ కార్డుని 99 డాలర్లకి పెట్టింది. 2003లో ఇంటెల్ సెంట్రినోతో ల్యాప్‌టాప్ లోపలే వైఫై అన్నది మామూలైపోయింది. కార్డు ధర పడిపోయింది, సంఖ్య కోట్లలోకి వెళ్ళింది. మరి కొలవడానికి ఏమున్నాయి? ఒక స్పెక్ట్రమ్ ఎనలైజర్, ఒక పవర్ మీటర్, ఒక సిగ్నల్ జనరేటర్, వాటిని కంప్యూటర్‌కి కలిపే లావుపాటి జీపీఐబీ కేబుళ్ళు. అన్నీ ల్యాబ్ కోసం చేసినవి, ఖరీదైనవి, నిదానమైనవి.

ఈ ముడి రెండు వైపులనుంచి విడింది. ఒకటి చిప్పు వైపు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ తెరెసా మెంగ్ 1998లో మొదలుపెట్టిన ఎథెరోస్ కంపెనీ, రేడియోని మామూలు సీమాస్ సిలికాన్‌లో చేసి చూపించింది. సీమాస్ చవక, కానీ చిప్పుకీ చిప్పుకీ తేడా ఎక్కువ. అయితే పక్కనే డిజిటల్ సర్క్యూట్ ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. అంటే రేడియో వంకరగా ఉన్నా ఫర్వాలేదు, ఎంత వంకరో తెలిస్తే చాలు, అంకెలతో సరిచేసుకోవచ్చు. మర పోయి రిజిస్టరు వచ్చింది, మైనం పోయి ఈఈప్రామ్ వచ్చింది. రెండోది కొలిచే వైపు. 2000లో పుట్టిన లైట్‌పాయింట్ అనే కంపెనీ, ఆ మూడు పెట్టెల పనినీ వైఫై కోసమే చేసిన ఒక్క పెట్టెలోకి కుదించింది. పంపేదీ అదే, వినేదీ అదే. సిగ్నల్‌ని ఒక్కసారి పట్టుకుని పవర్, ఫ్రీక్వెన్సీ, నాణ్యత అన్నీ ఆ ఒక్క రికార్డింగు నుంచే లెక్కకడుతుంది. ఇదేమంత పెద్ద పని అనిపిస్తే, 2011లో టెరడైన్ ఆ కంపెనీని 510 మిలియన్ డాలర్లకి కొన్నదని గుర్తుచేస్తాను. అదే సంవత్సరం ఎథెరోస్‌ని క్వాల్‌కామ్ కొన్నది.

ఇంతకీ లైనులో ఏం జరుగుతుంది? బయటి వైఫైలు వినపడకుండా లోహపు షీల్డు పెట్టె. అందులో కార్డు, దాని ఏంటెన్నా చోటునుంచి టెస్టర్‌కి ఒక కేబుల్.

మొదట క్రిస్టల్. 802.11జి ప్రకారం ఫ్రీక్వెన్సీ తేడా 25 పీపీఎమ్ దాటకూడదు. ఆరో ఛానెల్ 2437 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 60.9 కిలోహెర్ట్జ్. రెండు కార్డులు చెరో వైపూ అంత తప్పితే మధ్య ఎడం 122 కిలోహెర్ట్జ్. ఓఎఫ్‌డీఎమ్‌లో ఒక సబ్‌క్యారియర్‌కీ ఇంకోదానికీ దూరమే 312.5 కిలోహెర్ట్జ్. రిసీవర్ దీన్ని అంచనా వేసి సరిచేసుకుంటుంది, నిజమే, కానీ ఆ భారం మీద భారం ఎందుకు? అందుకని చిప్పు లోపలి చిన్న చిన్న కెపాసిటర్లని కలుపుతూ తీసేస్తూ తేడాని సున్నాకి దగ్గరగా తెచ్చి, ఆ అంకె రాసేస్తారు.

తరవాత పవర్. అసలు పని ఇదే. కొన్ని ఛానెళ్ళలో, కొన్ని గెయిన్ మెట్లలో కార్డు చేత పంపించి, నిజంగా ఎంత వచ్చిందో కొలిచి ఒక పట్టిక తయారుచేస్తారు. ఎక్కువ పవర్ ఇస్తే ఎక్కువ దూరం పోతుంది కదా, అందరికీ గరిష్ఠం పెట్టేస్తే పోలా అనుకోవచ్చు. పోదు. ఓఎఫ్‌డీఎమ్ సిగ్నల్‌లో అప్పుడప్పుడూ పెద్ద శిఖరాలు లేస్తాయి. యాంప్లిఫయర్ వాటిని నొక్కేస్తే సిగ్నల్ నలుగుతుంది. ఆ నలుగుడుకి కొలత ఈవీఎమ్. 6 ఎంబీపీఎస్‌కి మైనస్ 5 డీబీ సరిపోతుంది, 54కి మైనస్ 25 కావాలి, వైఫై 6లోని 1024-క్వామ్‌కి మైనస్ 35. అందుకే ఒకే కార్డు తక్కువ స్పీడులో గట్టిగా అరుస్తుంది, ఎక్కువ స్పీడులో గొంతు తగ్గించి స్పష్టంగా మాట్లాడుతుంది. ఎక్కడ ఎంత గొంతో ఆ పట్టికే చెబుతుంది. ఇది కాక బ్యాండు అంచు దాటి పక్కవాడి స్పెక్ట్రమ్‌లోకి ఒలకకూడదు కాబట్టి చివరి ఛానెళ్ళకి వేరే కోతలు.

ఆపైన రిసీవర్. బలహీనమైన సిగ్నల్ మీద వెయ్యి ప్యాకెట్లు పంపి ఎన్ని పోయాయో చూస్తారు. 54 ఎంబీపీఎస్‌లో మైనస్ 65 డీబీఎమ్ దగ్గర పదిశాతానికి మించి పోకూడదన్నది ప్రమాణం. కార్డు చెప్పే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ నిజమైన బలానికి ఎంత దూరంగా ఉందో కూడా ఇక్కడే చూడాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే వస్తువు ఆ కేబుల్. టెస్టర్ కొలిచేది కేబుల్ ఆ చివర. మధ్యలో ఎంత పోయిందో ముందే కొలిచి ప్రోగ్రాముకి చెప్పాలి. రోజంతా వేల కార్డులకి తగిలి తగిలి కనెక్టర్ అరుగుతుంది. నష్టం ఒక డీబీ పెరిగిందనుకోండి. ప్రోగ్రాముకి ఆ సంగతి తెలీదు. ఈ కార్డు బలహీనం అనుకుని, ప్రతి కార్డుకీ ఒక డీబీ, అంటే పావు వంతు, ఎక్కువ పవర్ రాసేస్తుంది. ఒక్క కార్డు కాదు, ఆ షిఫ్టు మొత్తం. అన్నీ పాస్ అవుతాయి కూడా, తప్పుడు తూకంతో తూచినవన్నీ సరిగ్గానే తూగినట్టు! అందుకే ల్యాబ్‌లో జాగ్రత్తగా కొలిచిన "గోల్డెన్" కార్డులు కొన్ని పెట్టుకుని, వాటిని మధ్యమధ్యలో లైను మీద పెట్టి చూస్తారు. వాటి అంకె మారితే చెడింది కార్డు కాదు, కొలత.

ఈ ఒకటీ రెండూ డీబీలు ఎవరికి కావాలి? మాదాపూర్ ఫ్లాట్లో కూర్చున్నవాడికి అక్కర్లేదు. సిగ్నల్ అంచున ఉన్నవాడికి కావాలి. ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు గార్లు 2000లలో కాన్పూర్, లక్నో మధ్య పల్లెల్లో మామూలు 802.11 కార్డులకి ఎత్తు టవర్లు, డిష్ లాంటి ఏంటెన్నాలు తగిలించి పదుల కిలోమీటర్ల లింకులు వేశారు. మన పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ వారి అశ్విని నెట్‌వర్క్ కూడా ఇదే దారిలో వచ్చింది, పల్లెలకి టెలీమెడిసిన్, పాఠాలు అందించడానికి. కాన్పూర్ వాళ్ళ కొలతల్లో తేలిందేమిటంటే, ఇలాంటి దూరపు లింకులు అనుకున్నంత చపలమైనవి కావు. వాన, మంచు పెద్దగా పట్టవు. పక్క వైఫైల గోల లేకపోతే, సిగ్నల్ ఒక గీత పైన కొన్ని డీబీలు ఉంటే ప్యాకెట్లు పోవు. ఆ గీత కిందకి జారితే మొత్తం పోతాయి. అంటే బతుకంతా ఆ కొన్ని డీబీల్లోనే ఉంది. టవరు ఎంత ఎత్తు కట్టాలో కార్డు చెప్పే ఆర్‌ఎస్‌ఎస్‌ఐని నమ్మి తేలుస్తారు. కార్డు మూడు డీబీలు అబద్ధం చెబితే ఆ ఖర్చు టవరు మీద పడుతుంది.

మా పినపాక వైపు ఇంకో చిక్కుంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, మధ్యలో మణుగూరు బొగ్గు గనులు. మే నెలలో 45 డిగ్రీలు దాటితే ఎవరూ వింతగా చూడరు. కప్పు మీద ఎండలో రేకు పెట్టెలో పెట్టిన రేడియోకి అంతకన్నా ఎక్కువ. కార్డుని కొలిచింది ఏసీ హాల్లో. వేడెక్కితే యాంప్లిఫయర్ గెయిన్ తగ్గుతుంది. ఎథెరోస్ చిప్పుల లైనక్స్ డ్రైవర్ ఎథ్9కే కోడు చదివితే దీనికోసమే ఉష్ణోగ్రత సవరణ ఫంక్షను ఒకటి కనిపిస్తుంది. ఈఈప్రామ్‌లో ఒక వాలు అంకె ఉంటుంది, కొలిచిన రోజుకీ ఇవాళ్టికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంటే గెయిన్ అంత జరుపుతుంది. పట్టిక సరిగ్గా ఉంటేనే ఈ సవరణకి అర్థం. ఇక టేకు, ఇప్ప చెట్లు ఎండాకాలంలో ఆకు రాలుస్తాయి కాబట్టి అడవి మధ్యనుంచి పోయే సిగ్నల్‌కి అప్పుడు కాస్త దారి దొరుకుతుంది. వానలకి ఆకు వచ్చాక ఆ నీళ్ళున్న ఆకులే సిగ్నల్ తాగేస్తాయి. వేసవిలో చూసి లింకు బాగుందని సంతకం పెట్టిస్తే జులైలో ఫోను వస్తుంది.

అన్నట్టు మన దేశంలో ఆరుబయట 2.4 గిగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2005 జనవరి నిబంధనలతో. ట్రాన్స్‌మిటర్ 1 వాట్, ఏంటెన్నాతో కలిపి 4 వాట్లు గరిష్ఠం. కార్డు లోపలి పట్టికే తప్పయితే ఈ గీత దాటారో లేదో మీకే తెలీదు.

ఇదంతా తైవాన్, చైనా వాళ్ళ కథ అనుకుంటే పొరపాటు. వెంకట్ మట్టెల గారు 2001లో మొదలుపెట్టిన రెడ్‌పైన్ సిగ్నల్స్ హైదరాబాదులోనే వైఫై చిప్పులు డిజైన్ చేసింది. రేడియో, బేస్‌బ్యాండ్, ఫర్మ్‌వేరు, మాడ్యూళ్ళు అన్నీ. దాని ఆర్‌ఎస్‌ఐ డ్రైవర్ 2014లో 3.15 కెర్నెల్‌లో చేరింది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ ఆ వైర్‌లెస్ వ్యాపారాన్ని 308 మిలియన్ డాలర్లకి కొన్నది, హైదరాబాదు సెంటరుతో సహా. ఆ చిప్పుల కాగితాలు చూడండి. మాడ్యూల్ కొంటే కాలిబ్రేషన్ అయిపోయి వస్తుంది. విడి చిప్పు కొని మీ బోర్డు మీద మీరే పెట్టుకుంటే, క్రిస్టల్ తేడా, పవర్ తేడా మీ లైనులో మీరే కొలిచి రాసుకోవాలి. చిప్పు చవగ్గా వచ్చిందని సంబరపడే మన స్టార్టప్ మిత్రులు ఈ పేజీ దగ్గర ఆగుతుంటారు. నన్నడిగితే, కొలిచే పెట్టె కొనే స్తోమత లేనంతకాలం మాడ్యూలే కొనుక్కోవడం మంచిది.

ఈమధ్య చిప్పులు తమని తామే కొలుచుకుంటున్నాయి. ఈఎస్‌పీ32 లాంటివి బూటయ్యేటప్పుడు కొంత కాలిబ్రేషన్ చేసుకుని ఫ్లాష్‌లో దాచుకుంటాయి. మంచిదే, కానీ తనని తాను కొలుచుకునేవాడికి తన ఏంటెన్నా దాకా ఉన్న దారిలో ఎంత పోతోందో తెలీదు. ఆ అంకె బయటివాడు చెప్పాల్సిందే.

ఇక ఆర్ట్ పోగొట్టుకున్నవాళ్ళు సాధారణంగా చేసేది, అదే మోడల్ ఉన్న స్నేహితుడి దగ్గర ఆ 64 కేబీ అడిగి తెచ్చుకోవడం. వైఫై లేస్తుంది. మ్యాక్ అడ్రసు కూడా అతనిదే వచ్చి ఉంటే అది మార్చుకోండి, లేకపోతే ఒకే నెట్‌వర్క్‌లో పెట్టిన రోజు రెండూ కొట్టుకుంటాయి. పవర్ పట్టిక మాత్రం ఇంకొకరి జాతకమే. అంతకన్నా, ఫ్లాష్ చేసేముందు ఆ ముక్కని కాపీ చేసి, రౌటరులో కాకుండా వేరే చోట దాచుకోండి. ఒక్క నిమిషం పని.