నీరుగంటియు సర్వరును

కులధ్రువీకరణ పత్రము కొఱకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము తహసీలుదారు కచ్చేరుల ముంగిట జనులు ప్రొద్దుపుచ్చిన దినములు నిన్నమొన్నటివి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో గూడి కుప్పమున ‘ఐ-కమ్యూనిటీ’ని నెలకొల్పి సమాచార కేంద్రములను దెఱచెను. 2011 నవంబరులో ప్రభుత్వసేవలను కంప్యూటరు ద్వారా నందించు మీసేవ మొట్టమొదట చిత్తూరు జిల్లాయందే, 10 సేవలతో ప్రారంభమయ్యెను.

అంతట దస్త్రముల స్థానమును సర్వరు గైకొనెను. మదనపల్లెలో మీట నొక్కఁగానే దరఖాస్తు సుదూరమందలి డేటా సెంటరునకుఁ జేరి, అచ్చటి కోశమున సరిచూడఁబడి, డిజిటల్ సంతకముతో మరలి రావలసియుండుటచే, నడుమ నొక్క లంకె తెగినను మూడూళ్ల జనమును ఒక్కమాఱే నిలిచిపోవలసివచ్చెను. ‘సర్వర్ డౌన్’ అను మాట పల్లెముదుసళ్ల నోటను నాటుకొన్నది ఇందువలననే. డిస్కు నిండుటను, స్పందన మందగించుటను, దరఖాస్తులు పేరుకొనుటను జనులు మొఱపెట్టకమునుపే కనిపెట్టవలసిన సాంకేతికుని పని, వానరాత్రి లాంతరు చేఁబూని చెఱువుకట్టపైఁ దిరుగుచు తూము కాచిన మన సీమ నీరుగంటివాని పనికిఁ దీసిపోదని నా దృఢవిశ్వాసము. ఇరువురును ఏమియుఁ జరుగనినాఁడు ఎవరికంటను బడరు.

మీసేవయందు ‘ఏ’ తరగతి సేవకు 15 నిమిషములు, ‘బి’ తరగతికి నిర్ణీత దినములు గడువుగా విధింపఁబడెను. ప్రతి దరఖాస్తునకును వేళ నమోదగుచుండుటచే, ఏ బల్లపై నెన్నిదినములు నిలిచినదో పైయధికారికిఁ గనఁబడసాగెను.