కలరా నుండి కర్బనం దాకా: నగరాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్న చరిత్ర



‘వాతావరణ తటస్థత’ అనే మాట ఈ మధ్య పత్రికలలో తరచుగా కనిపిస్తోంది. ఒక నగరం గాలిలోకి వదిలే హరితగృహ వాయువులను వీలైనంతగా తగ్గించి, తగ్గించలేని కొద్దిపాటిని తిరిగి బంధించి, మొత్తం లెక్కను సున్నాకు తేవడమే దాని అర్థం. ఐరోపా సంఘం 2022 ఏప్రిల్‌లో 112 నగరాలను ఎంపిక చేసి, 2030 నాటికి ఈ స్థితికి చేరుకోవాలని లక్ష్యం నిర్దేశించింది. ఆ నగరాలు ముందుగా ప్రయోగాలు చేసి, తాము తెలుసుకున్నది మిగిలిన నగరాలకు నేర్పాలన్నది ఆ కార్యక్రమంలోని ముఖ్యాంశం.

ఆలోచన మంచిదే. అయితే ఒక నగరం మరొక నగరం నుండి నేర్చుకోవలసినది ఏమిటి? అక్కడి యంత్రాన్నా, ఆ యంత్రం దాకా వాళ్ళను నడిపించిన పరీక్షనా? వైద్యులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పక్కింటాయనకు పనిచేసిన మందు చీటీని తెచ్చుకుని వాడే రోగులు మాకు ప్రతిరోజూ కనబడేవారు. వారి సంగతి ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. నగరాల సంగతీ అంతే. చెత్తను కాల్చే కొలిమి ఒక నగరం నుండి మరొక నగరానికి ప్రయాణించిన చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. కలరాతో ముడిపడిన ఆ కథ ఇప్పుడు కర్బనం దగ్గర చిక్కుకుని ఉన్నది.

ఒకే నది, రెండు నగరాలు

జర్మనీలోని ఎల్బే నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అనే రెండు నగరాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. హాంబర్గ్ స్వయంపాలన గల సంపన్నమైన రేవుపట్టణం. ఆల్టోనా ప్రష్యా రాజ్యానికి చెందినది. రెండూ ఎల్బే నీళ్ళే తాగేవి. హాంబర్గ్ తన నీటిని నగరానికి ఎగువన తీసుకునేది. ఆల్టోనా దిగువన, అంటే హాంబర్గ్ మురుగు కలిసిన చోట తీసుకునేది. కనుక జబ్బు వస్తే ఆల్టోనాకే రావాలి. జరిగింది మాత్రం వేరు.

1892 ఆగస్టులో హాంబర్గ్‌లో కలరా విజృంభించింది. కొద్ది నెలలలోనే దాదాపు 17 వేల మందికి సోకి, 8,600 మందికి పైగా మరణించారు. ఆల్టోనాలో కేసులు చాలా స్వల్పం. రెండు నగరాలకు సరిహద్దుగా ఉన్న వీధిలో ఒక వైపు ఇళ్ళలో కలరా ఉంటే, ఎదుటి వైపు ఇళ్ళలో లేదు. హాంబర్గ్ పరిధిలోనే ఉండి ఆల్టోనా కుళాయి నీరు అందుకున్న ఒక గృహ సముదాయానికి కూడా వ్యాధి సోకలేదు. కారణం ఒక్కటే. ఆల్టోనా తన మురికి నీటిని ఇసుక పొరల గుండా నెమ్మదిగా వడపోసి పంపేది. ఆ ఇసుకపై సూక్ష్మజీవులతో ఏర్పడే జిగురు పొర రోగక్రిములను పట్టి ఉంచుతుంది. హాంబర్గ్ నీటిని వడపోసేది కాదు. కలరా క్రిమిని గుర్తించిన రాబర్ట్ కాక్ స్వయంగా వచ్చి పరిశీలించి ఈ సంగతిని నిర్ధారించాడు. సామాజిక వైద్యం చదివిన ప్రతి విద్యార్థికీ ఈ సరిహద్దు వీధి గుర్తుండే ఉంటుంది.

ఆల్టోనాలో వడపోత అప్పటికి ముప్ఫయి ఏళ్ళకు పైగా నడుస్తున్నది. పక్క నగరం కళ్ళెదుటే పాఠం చెబుతున్నా, ఖర్చుకు వెనుకాడి హాంబర్గ్ పెద్దలు ఏళ్ళ తరబడి వాదించుకుంటూ కూర్చున్నారు. వడపోత కేంద్రం పని మొదలైనా కలరా వచ్చేనాటికి పూర్తి కాలేదు. అంతకంటే ఘోరమైనది మరొకటి ఉంది. తొలి కేసులు వచ్చిన తరువాత దాదాపు వారం రోజుల దాకా ఆ వార్తను బయటపెట్టలేదు. రేవు వ్యాపారం దెబ్బతింటుందన్న భయమే అందుకు కారణం.

నాటింగ్‌హామ్ కొలిమి

కలరా నాళ్ళలో హాంబర్గ్‌కు మరొక చిక్కు వచ్చిపడింది. అంతవరకు నగరపు చెత్తను ఎరువుగా తీసుకుంటున్న చుట్టుపక్కల రైతులు భయపడి వద్దన్నారు. చెత్త కుప్పలు పెరిగాయి. ఈసారి హాంబర్గ్ ఆలస్యం చేయలేదు. ఇంగ్లండు వైపు చూసింది.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1874లో ఆల్ఫ్రెడ్ ఫ్రయర్ అనే ఇంజనీరు రూపొందించిన చెత్త కొలిమిని నెలకొల్పారు. దానికి ‘డిస్ట్రక్టర్’, అంటే విధ్వంసకం అని పేరు. తరువాతి ఇరవై ఏళ్ళలో అనేక ఇంగ్లీషు పట్టణాలు ఆ బాట పట్టాయి. హాంబర్గ్ ఇంగ్లీషు నమూనా కొలుములను తెప్పించి, పరీక్షించి, 1896 నాటికి బుల్లర్‌డైక్ అనే చోట జర్మనీలోని తొలి దహన కేంద్రాన్ని నడిపింది.

అదే దశాబ్దంలో బెర్లిన్ కూడా ఇంగ్లీషు కొలుములను పరీక్షించింది. అక్కడ అవి సరిగా మండలేదు. ఇంగ్లండులో ఇళ్ళ పొయ్యిలలో వాడేది రాక్షసిబొగ్గు. చెత్తలో సగం కాలిన బొగ్గు ముక్కలు మిగిలి ఉండేవి. బెర్లిన్ ఇళ్ళలో వాడేది లిగ్నైట్ ఇటుకలు. చెత్తలో మిగిలేది మెత్తని బూడిద. బూడిద మంటను ఆర్పుతుందే గాని పెంచదు. అంటే కొలిమి మంచిదా చెడ్డదా అన్నది ఆ ఊరి వంటింటి పొయ్యి మీద ఆధారపడి ఉన్నది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోండి. కొంచెం సేపట్లో మన దేశంలోనే మళ్ళీ ఎదురవుతుంది.

ఆసుపత్రికి వెచ్చదనం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ మధ్యలో ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే ప్రత్యేక పురపాలిక ఉంది. 1903లో అక్కడ డెన్మార్క్ దేశపు తొలి చెత్త దహన కేంద్రం మొదలయింది. చెత్తను వదిలించుకోవడంతో వాళ్ళు సరిపెట్టుకోలేదు. ఆ మంటతో పుట్టిన ఆవిరితో విద్యుత్తును, వేడిని తయారుచేసి, కొత్తగా కట్టిన ఆసుపత్రికి, ఒక బాలల గృహానికి, ఒక పేదల ఆశ్రమానికి గొట్టాల ద్వారా పంపారు. చలికాలం రోగిని ఎంత పీడిస్తుందో తెలిసిన దేశంలో ఇది చిన్న మేలు కాదు.

ఆ చిన్న గొట్టాల నుండే ఒక పెద్ద వ్యవస్థ ఎదిగింది. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి డెన్మార్క్ తన ఇంధన అవసరాలలో తొంభై శాతం దాకా చమురు మీదే ఆధారపడి ఉంది. ఆ దెబ్బతో 1979లో వేడి సరఫరాపై ప్రత్యేక చట్టం చేశారు. 1984లో కోపెన్‌హాగెన్, ఫ్రెడరిక్స్‌బర్గ్‌తో సహా ఐదు పురపాలికలు కలిసి ఉమ్మడి వేడి రవాణా సంస్థను స్థాపించాయి. నేడు కోపెన్‌హాగెన్ నగరంలో దాదాపు అన్ని భవనాలకూ వేడినీరు ఈ గొట్టాల ద్వారానే అందుతుంది. ఇంటింటికీ ఒక పొయ్యి, ఒక పొగగొట్టం అక్కరలేకపోయింది. ఊపిరితిత్తులకు ఇంతకంటే మంచి సంస్కరణ అరుదు. అనేక దేశాల నగర పాలకులు కోపెన్‌హాగెన్ వెళ్ళి చూసి రావడం ఆనవాయితీ అయింది.

ఢిల్లీలో కొద్ది వారాలు

ఆ పేరు మన దేశానికీ చేరింది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాంకేతిక సహాయంతో రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చి విద్యుత్తు తయారుచేసే కేంద్రాన్ని నిర్మించారు. అది కొద్ది వారాలు మాత్రమే నడిచి మూతపడింది.

యంత్రంలో లోపం లేదు. లోపం చెత్తను పరీక్షించకపోవడంలో ఉంది. డెన్మార్క్ చెత్తలో కాగితం, అట్ట, చెక్క ఎక్కువ. మన చెత్తలో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరటి ఆకులు, వీధి ఊడ్చిన మట్టి ఎక్కువ. కాగితాలను, సీసాలను ముందే ఏరుకుపోయేవారు ఉండనే ఉన్నారు. మిగిలిన తడి చెత్త మండాలంటే ముందు అందులోని నీరు ఆవిరి కావాలి. ఉన్న వేడి అంతా దానికే సరిపోతుంది. సుమారు తొంభై ఏళ్ళ క్రితం బెర్లిన్ బూడిద చెప్పిన పాఠాన్నే ఢిల్లీ తడి చెత్త మళ్ళీ చెప్పింది. పాఠం ఉంది, చదివినవారు లేరు.

2016లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన ఘనవ్యర్థాల నియమావళిలో ఈ జ్ఞానం కొంత కనబడుతుంది. కిలోకు 1,500 కిలో కేలరీలు, అంతకు మించి ఉష్ణశక్తి ఉండి, తిరిగి వాడడానికి పనికిరాని చెత్తను పూడ్చకుండా ఇంధనంగా వాడాలని ఆ నియమావళి చెప్పింది. చెత్తను పుట్టిన చోటనే వేరు చేయాలనీ నిర్దేశించింది. ఇది రోగిని పరీక్షించి మందు రాయడం వంటిది.

మందే రోగమైనప్పుడు

కొలిమి కథలో మరొక మలుపు ఉంది. 1977లో నెదర్లాండ్స్ పరిశోధకులు చెత్త కొలుముల బూడిదలో డయాక్సిన్లు అనే విషపదార్థాలను కనుగొన్నారు. ఇవి కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి శరీరంలో నిలిచి ఉంటాయి. కొన్ని రకాలు క్యాన్సర్ కారకాలు. దానితో ఐరోపా దేశాలు కఠిన నిబంధనలు తెచ్చాయి. పొగను కనీసం 850 డిగ్రీల వేడిలో రెండు సెకన్లపాటు ఉంచాలని, ఆ తరువాత జల్లెడ పట్టి శుద్ధి చేయాలని విధించాయి. కొలిమి మళ్ళీ గౌరవం పొందింది.

ఇక 2012లో కోపెన్‌హాగెన్ ఒక ప్రతిజ్ఞ చేసింది: 2025 నాటికి కర్బన తటస్థత సాధించిన తొలి రాజధానిగా నిలుస్తామని. బొగ్గును వదిలింది, గాలిమరలు పెట్టింది, సైకిల్ బాటలు విస్తరించింది. 2017లో అమేగర్ అనే చోట ఏడాదికి నాలుగు లక్షల టన్నుల చెత్తను కాల్చగల నూతన కేంద్రం ప్రారంభమైంది. దాని కప్పు మీద మంచు జారుడు ఆట స్థలం కూడా కట్టారు. ప్రపంచం మెచ్చుకుంది.

కాని అదే కేంద్రం ప్రతిజ్ఞకు అడ్డు తగిలింది. కూరగాయల తొక్కలోని కర్బనం నిన్నటి గాలిలోనిదే. కాలిస్తే తిరిగి గాలిలోకే పోతుంది. ప్లాస్టిక్‌లోని కర్బనం అలా కాదు. కోట్ల ఏళ్ళు భూగర్భంలో ఉన్న చమురు నుండి వచ్చినది. ప్లాస్టిక్‌ను కాల్చడం చమురును కాల్చడమే. పైగా అంత పెద్ద కొలుములు కట్టుకున్నాక వాటికి మేత కావాలి; డెన్మార్క్ ఇతర దేశాల నుండి చెత్తను దిగుమతి చేసుకునే స్థితి వచ్చింది. 2020లో ఆ దేశ పార్లమెంటు పక్షాలు దహన సామర్థ్యాన్ని 30 శాతం తగ్గించాలని ఒప్పందానికి వచ్చాయి. పొగగొట్టం నుండి కర్బనాన్ని పట్టి బంధించే యంత్రాన్ని పెట్టి గండం గట్టెక్కాలని నగరం ఆశించింది. అందుకు అవసరమైన ప్రభుత్వ నిధికి అమేగర్ కేంద్రం అర్హత పొందలేదు. 2022 ఆగస్టులో కోపెన్‌హాగెన్ మేయరు బహిరంగంగా ప్రకటించారు: 2025 లక్ష్యాన్ని అందుకోలేము అని.

దీనిని పరాజయంగా చాలామంది చూశారు. నేను అలా చూడను. 1892లో హాంబర్గ్ తన కలరాను దాచింది; దాచిన ప్రతి రోజూ ప్రాణాలు తీసింది. 2022లో కోపెన్‌హాగెన్ తన లెక్క తప్పిందని, ఎక్కడ తప్పిందో కూడా చెప్పింది. వైద్యంలో బాగుపడిన రోగుల కథలకంటే, బాగుపడని రోగి కేసు షీటు ఎక్కువ నేర్పుతుంది. ఆ షీటును చించివేయని ఆసుపత్రి మీదే నమ్మకం ఉంచవచ్చు. తటస్థత వైపు నడిచే నగరాలు ఒకదానికొకటి చూపించుకోవలసినవి విజయ చిత్రాలు కావు, ఇలాంటి కేసు షీట్లు.

మన వీధి సంగతి

ఇప్పుడు హైదరాబాదులోని జవహర్‌నగర్‌లో, విశాఖపట్నంలోని కాపులుప్పాడలో చెత్తతో విద్యుత్తు తయారుచేసే కేంద్రాలు ఉన్నాయి. అవి మంచివా చెడ్డవా అని నన్ను అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు మన వంటింట్లోనే ఉందంటాను. తడి చెత్తను కలిపి ఇస్తే అవి సరిగా మండవు. ప్లాస్టిక్ ఎక్కువైతే బాగా మండుతాయి, కాని కర్బనం లెక్క పెరుగుతుంది. తడి చెత్తను కుప్ప పోసి వదిలితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కనుక తడి చెత్తకు చోటు కంపోస్టు గుంట లేదా గ్యాసు ప్లాంటు. కాగితం, సీసా, లోహం తిరిగి వాడకానికి. ఏ విధంగానూ పనికిరానిది మాత్రమే కొలిమికి.

పౌరులుగా మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. కొలిమికి వెళ్ళే చెత్తను ఎంత తరచుగా పరీక్షిస్తున్నారు? పొగలో డయాక్సిన్లను కొలిచి ఫలితాలను ప్రజలకు చూపిస్తున్నారా? తడి చెత్తలో ఎంత భాగం కంపోస్టుకు వెళుతోంది? ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగిన నగరమే ఇతర నగరాలకు నేర్పగలదు.

ఇక ఇంట్లో చేయవలసినవి. తడి చెత్త, పొడి చెత్త వేరు వేరు బుట్టలలో ఉంచండి. ఇన్సులిన్ సూదులను, కాలం చెల్లిన మందులను వాటిలో కలపకండి; సూదులను గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి, హానికర చెత్త అని చెప్పి విడిగా ఇవ్వండి. పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకున్న సూది వల్ల కామెర్లు సోకే ప్రమాదం ఉంది. వీధి చివర చెత్తకు నిప్పు పెట్టకండి. భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయకండి. ఆ మంటకు 850 డిగ్రీల వేడి ఉండదు, జల్లెడ ఉండదు. చుట్టూ నిలబడేది మాత్రం మన పిల్లలే.