తెల్లబూట్లు ఎవరి చలవ?

ప్రాజెక్టు డెలివరీ అయ్యాకే అసలు ఖర్చు మొదలవుతుందని మన ఫీల్డులో ఎవర్ని అడిగినా చెప్తారు. కట్టడం ఒకసారి, కాపాడుకోవడం కలకాలం. తెల్లబూట్ల వ్యవహారం కూడా సరిగ్గా ఇలాంటిదే. కొన్నరోజు వాటిమీద ఉన్న తెలుపు కంపెనీవాడిది. రెండోరోజు నించీ ఉండే తెలుపు మాత్రం ఎవరో ఒకరు కూర్చుని తోమితేనే వస్తుంది. ఆ "ఎవరో ఒకరు" ఎవరు అన్నదే ఈ టపా.

తెలుగులో ఉతికి తెల్లగా చెయ్యడాన్ని "చలువ చెయ్యడం" అంటారు. పెద్దవాళ్ళతో "అంతా మీ చలవేనండీ" అన్నప్పుడు అది దయ అవుతుంది. తెల్లబూట్ల చరిత్రకి ఈ రెండు అర్థాలూ కావాలి.

బూట్లకంటే ముందు బట్ట సంగతి చూద్దాం. పత్తిబట్ట మగ్గం మీంచి దిగేటప్పుడు తెల్లగా ఉండదు, కాస్త పసుపు కలిసిన మీగడరంగులో ఉంటుంది. దాన్ని తెల్లబరచడం ఒకప్పుడు పెద్ద పని. మన ఊళ్ళలో చాకలివాళ్ళు చవుడుమట్టి కలిపి, బానలో ఉడకేసి, బండమీద బాది, ఎండలో ఆరేసి ఆ పని చేసేవాళ్ళు. చవుడులో పనిచేసేది సోడియం కార్బొనేటు, అంటే మనం ఇప్పుడు కొట్లో కొనుక్కునే చాకలిసోడా లాంటిదే. కలంకారీ పనివాళ్ళు ఇంకో దారి పట్టారు. బట్టని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి తెల్లబరుస్తారు. పేడతో తెలుపు రావడం ఏవిటని నవ్వొచ్చుగానీ, మచిలీపట్నం బట్టకి సముద్రాలవతల గిరాకీ తెచ్చిన పనుల్లో అదీ ఒకటి.

యూరప్‌లో కూడా పరిస్థితి అంతే. నారబట్టని క్షారంలో ఉడికించి, పులిసిన మజ్జిగలో ముంచి, గడ్డిమైదానాల్లో నెలల తరబడి ఎండకి పరిచేవాళ్ళు. 1774లో షీలే క్లోరిన్‌ని కనిపెట్టాడు, 1785లో బెర్తొలే దాంతో బట్టలు తెల్లబడతాయని చూపించాడు, 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ బ్లీచింగ్ పౌడరుకి పేటెంటు తీసుకున్నాడు. నెలలు పట్టేది రోజుల్లోకి వచ్చేసింది. అక్కడ అలా శ్రమ తగ్గింది. ఇక్కడ మాత్రం చాకిరేవు కష్టం చాకిరేవుకే మిగిలింది. నిజాం కాలపు తెలంగాణలో మిగతా వృత్తికులాలతో పాటు చాకలివాళ్ళు కూడా దొరల గడీలకి వెట్టి చెయ్యాల్సొచ్చేది. 1940ల్లో పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ ఆ ఇళ్ళలోంచి వచ్చిన మనిషే. దొర పంచె తెల్లగా మెరిసిందంటే దాని వెనక ఎవరి చలవ ఉందో వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక తొడుక్కునేవాటిని "తెల్లగా ఉంచి తీరాలి" అని రూల్సు రాసుకున్న మొనగాళ్ళు సైన్యాలవాళ్ళు. 18, 19 శతాబ్దాల్లో బ్రిటిష్ సైనికుల తోలు బెల్టులకి పైప్ క్లే అని ఒకరకం తెల్లసుద్ద పట్టించేవాళ్ళు. సుద్దని నీళ్ళలో నూరి, బెల్టుకి పూసి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, పెరేడ్‌కి నిలబడాలి. వాన పడితే మొత్తం మళ్ళీ మొదలు. చివరికి ఇంగ్లీషులో "పైప్ క్లే" అన్నమాటే పనికిమాలిన పటాటోపానికి మారుపేరైపోయింది. 1880ల్లో షెఫీల్డ్‌కి చెందిన జోసెఫ్ పికరింగ్ అండ్ సన్స్ అనే కంపెనీ "బ్లాంకో" పేరుతో బిళ్ళలు అమ్మడం మొదలుపెట్టింది. తడిబ్రష్షుతో రుద్ది పూసుకోవడమే. సైన్యంలో బెల్టులకీ, హెల్మెట్లకీ, తర్వాత టెన్నిస్, క్రికెట్ బూట్లకీ అదే వాడారు.

తమాషా ఏంటంటే, తెలుపుకి విరుగుడు మన ఉపఖండంలోనే పుట్టింది. 1840ల్లో పెషావర్ దగ్గర హ్యారీ లమ్స్‌డెన్ తన గైడ్స్ దళానికి దుమ్మురంగు బట్టలు వేయించాడు. "ఖాకీ" అంటేనే దుమ్ము కొట్టుకున్నది అని అర్థం. 1857 తిరుగుబాటు నాటికి చాలామంది బ్రిటిష్ సైనికులు తమ తెల్లబట్టలకి దొరికిన రంగేదో వేసేసుకున్నారు. యుద్ధంలో తెలుపు ప్రాణం మీదకి తెస్తుంది. శాంతికాలంలో అయితే మాత్రం క్రమశిక్షణ అంటారు!

ఇప్పుడు అసలు బూటుకొద్దాం. పచ్చి రబ్బరు ఎండకి జిగురైపోయేది, చలికి పెళుసుబారేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే స్థిరపడుతుందని కనిపెట్టి, 1844లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. పాపం ఆయన 1860లో అప్పులతోనే పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ 1898లో పుట్టింది, దానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. ఆ రబ్బరు అడుగుకి క్యాన్వాస్ గుడ్డ అతికిస్తే వచ్చినవే మన పి.టి. బూట్ల తాతలు. ఇంగ్లండులో వాటిని ప్లిమ్‌సోల్స్ అంటారు. ఓడల్లో అతిగా సరుకెక్కించి నావికుల్ని ముంచుతున్నారని పోరాడిన ఎంపీ శామ్యూల్ ప్లిమ్‌సోల్ వల్ల 1876లో ఓడల మీద లోడ్ లైన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. బూటు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఆ గీతలా కనిపించడంవల్ల ఆ పేరొచ్చిందంటారు.

వాటిని తెల్లగా ఉంచిన పుణ్యం టెన్నిస్‌ది. 1877లో వింబుల్డన్ మొదలైంది. రంగుబట్టల మీద చెమట మరకలు కనబడితే మర్యాద కాదని తెలుపు అలవాటు చేసుకున్నారు. అలవాటు కాస్తా రూలైంది. 1963లో "ప్రధానంగా తెలుపు" అన్నారు, 1995లో "దాదాపు పూర్తిగా తెలుపు" అన్నారు. 2013లో ఫెదరర్ నారింజరంగు అడుగున్న బూట్లతో మొదటి రౌండు ఆడితే తర్వాత వాటితో రావద్దన్నారు. 2014 నించి బూటు అడుగుభాగం కూడా తెల్లగా ఉండాలని రాసి పారేశారు. రిక్వైర్‌మెంట్లు ఎలా పెరుగుతూ పోతాయో మనకి తెలియనిది కాదు.

ఆ రోజుల్లో గడ్డిమీద తెల్లబూట్లతో ఆడాలంటే ఆట అయ్యాక వాటికి సుద్ద పట్టించే నౌకరు ఇంట్లో ఉండాలి. మన దేశంలోని దొరల బంగళాల్లోనూ అదే తంతు. తెల్లసూటు, తెల్ల టోపీ, తెల్లబూట్లు దొరవి, వాటిని పొద్దున్నే సిద్ధంచేసి పెట్టేది బేరర్. కాబట్టి తెల్లబూటు తన గురించి కాక దాని యజమాని గురించి ఒక మాట చెప్పేది: "ఈయన బురదలో నడవడు, నడిచినా ఈయన కడుక్కోడు."

మరి అది మన బడిపిల్లల కాళ్ళకి ఎలా వచ్చింది? బాటా వల్ల. మనలో చాలామంది బాటాని దేశీ కంపెనీ అనుకుంటారుగానీ, అది 1894లో ఇప్పటి చెక్ దేశంలోని జ్లీన్‌లో పుట్టింది. 1931లో ఇండియాలో కంపెనీ పెట్టి, ఆ దశాబ్దంలోనే కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున బాటానగర్ కట్టారు. 1936లో ఇక్కడి బడిపిల్లల ఆటల పీరియడు కోసం బాటా టెన్నిస్ అనే క్యాన్వాస్ బూటు తయారుచేశారు. తోలుబూటు కంటే చవక. అలా దొరగారి టెన్నిస్ కోర్టులోంచి బయల్దేరిన తెలుపు మన శనివారం పి.టి. పీరియడులోకి నడిచొచ్చింది.

కానీ బూటు వచ్చిందిగానీ బేరర్ రాలేదు. మన ప్రైవేటు స్కూళ్ళలో వారానికోరోజు వైట్ డ్రెస్సు, తెల్లబూట్లు. స్కూలు గ్రౌండేమో ఎర్రమట్టి, లేదంటే నల్లరేగడి. ఏ మట్టి మీద ఏ రంగు వేసుకోవాలో పెషావర్ సైనికుడికి తెలిసింది, మన కరస్పాండెంటుగారికి తెలియలేదు. ఆ ముందురోజు రాత్రి బూట్లు తోమేది అమ్మ. సాయంత్రం తోమితే పొద్దుటికి ఆరవు, వానాకాలమైతే చెప్పక్కర్లేదు, పొయ్యి పక్కన పెట్టాల్సిందే. ప్రేయర్‌లో మాసిన బూట్లతో దొరికితే దెబ్బ పడేది పిల్లాడికి. రెండో జత కొనగలిగిన ఇంటికి ఇది సమస్యే కాదు. ఒక్క జతతో నెట్టుకొచ్చే ఇంటికే శిక్ష. పరిశుభ్రత పేరుతో నిజానికి కొలిచింది ఇంటి ఆదాయాన్ని.

ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. మన ఊళ్ళలోనే దళితులు పైకులాల వీధుల్లో చెప్పులు విడిచి చేతబట్టుకుని నడవాల్సిన కట్టుబాటు ఉండేది. ఆ చెప్పులు కుట్టిందేమో వాళ్ళే. అలాంటిచోట ఒక పిల్లాడు బూటేసుకుని బడికి పోవడమే పెద్ద విషయం. ఆ బూటు తెల్లగా లేదని బయట నిలబెట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

సరే, పిల్లలు దీనికి కనిపెట్టిన ఉపాయం మనందరికీ తెలిసిందే. బోర్డు దగ్గర్నించి కొట్టేసిన సుద్దముక్క, లేదంటే ఇంట్లో తెల్ల పళ్ళపొడి. నీళ్ళలో కలిపి పూసెయ్యడమే. ఇది సైన్యంవాళ్ళ పైప్ క్లే టెక్నిక్కే. కాకపోతే మురికి పోదు, దానిమీద తెల్లరంగు పడుతుంది. బగ్గు ఫిక్సు చెయ్యకుండా స్క్రీన్ మీద కనబడకుండా దాచేసినట్టు. మొదటి వానకి బయటపడుతుంది.

ఇంకో మోసం నీలిమందు. పసుపుకి నీలం తోడైతే కంటికి తెల్లగా కనబడుతుంది. ఒకప్పుడు అల్ట్రామెరైన్ నీలం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లోని రాయిలోంచి రావాలి, అది బంగారంతో పోటీపడేంత ఖరీదు. ఫ్రాన్సులో గిమే దాన్ని కృత్రిమంగా తయారుచేసి 1828లో బహుమతి కొట్టాక అది చాకిరేవు దాకా దిగొచ్చింది. ఇప్పటి సబ్బుపొడుల్లో ఉండే ఆప్టికల్ బ్రైటెనర్లు చేసేదీ ఇలాంటిదే, ఎండలోని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలికాంతిగా వదుల్తాయి. "తెల్లనివన్నీ పాలు కావు" అని మనవాళ్ళు ఊరికే అన్లేదు.

రబ్బరు అడుగు తెలుపుకి ఇంకో కథ ఉంది. టైర్లలో వేసే కార్బన్ బ్లాక్ రబ్బరుని ఎండనించి కాపాడుతుంది, అందుకే టైర్లు నల్లగా ఉంటాయి. తెల్ల సోలులో అది వెయ్యలేరు కదా, రంగుకోసం టైటానియం డయాక్సైడ్ వేస్తారు. 1916 ప్రాంతంలో నార్వే, అమెరికాల్లో దాని తయారీ మొదలైంది. దానికి ముడిసరుకు ఇల్మనైట్, అంటే భీమిలి, కళింగపట్నం తీరాల్లో కనబడే నల్ల ఇసుకలో ఉండే ఖనిజం. నల్ల ఇసుకలోంచి తెల్లబూటు! అయినా ఎండకీ, గాలికీ, లోపలి రసాయనాలకీ తెల్ల సోలు మెల్లగా పచ్చబడుతుంది. 2008లో పాత కంప్యూటర్ల పిచ్చోళ్ళు కొందరు పచ్చబడ్డ కీబోర్డులకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి మళ్ళీ తెల్లగా చేశారు. దానికి రెట్రోబ్రైట్ అని పేరు. బూట్లవాళ్ళు అదే అందిపుచ్చుకున్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ పచ్చబడొచ్చనుకోండి.

ఇంత చరిత్ర చదివించి పని చెప్పకపోతే బాగుండదు. క్యాన్వాస్ బూట్లయితే ముందు మట్టిని పూర్తిగా ఎండనివ్వండి, తర్వాత పొడిబ్రష్షుతో దులపండి. తడిమట్టి రుద్దితే లోపలికి పోతుంది. తాళ్ళు తీసి విడిగా నానెయ్యండి. చల్లటి నీళ్ళలో కొంచెం లిక్విడ్ సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. వేడినీళ్ళు వద్దు, గంటలకొద్దీ నానబెట్టొద్దు, జిగురు ఊడుతుంది. రబ్బరు పట్టీకి వంటసోడా ముద్ద. అన్నిటికంటే ముఖ్యం, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగడం. పచ్చమరకలకి మిగిలిపోయిన సబ్బు ఒక పెద్ద కారణం. తర్వాత తెల్ల టిష్యూ పేపరు బూటు మీద అంటించినట్టు చుట్టి నీడలో ఆరబెట్టండి. నీళ్ళు కాగితంలోంచి ఆవిరవుతాయి కాబట్టి ఆ పసుపు కాగితం మీద తేల్తుంది. లోపల న్యూస్‌పేపరు కుక్కొద్దు, సిరా అంటుతుంది. క్లోరిన్ బ్లీచి వాడకపోవడం మంచిది, కొన్ని సింథటిక్ పదార్థాల్ని అదే పచ్చబరుస్తుంది. దాన్ని వెనిగర్ లాంటి ఆమ్లాలతో అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది. తోలుబూట్లకి తడిగుడ్డ చాలు, ముంచొద్దు.

మొత్తం కలిపి ఇరవై నిమిషాల పని. ఆరడానికి ఒక రోజు.

ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో ఏ ఫ్లోర్ చూసినా తెల్ల స్నీకర్లే. ఏసీ క్యాబు, నున్నటి టైల్సు, లిఫ్టు. మనమూ బురదలో నడవం. ఇక్కడిదాకా ఆ టెన్నిస్ దొరకీ మనకీ పెద్ద తేడా లేదు. తేడా ఉండాల్సింది ఆ తర్వాతే. బూట్లు కడిగే షాపులొచ్చాయి, రేటు చెప్పి తీసుకుంటారు, అది ఒక పద్ధతి. మనమే తోముకోవడం ఇంకో పద్ధతి. మూడో పద్ధతి మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్ళలో నడుస్తోంది: "ఆ బూట్లు కూడా కాస్త చూడమ్మా" అని పనమ్మాయికి అప్పజెప్పడం. గిన్నెలకి, బట్టలకి, ఇల్లు తుడవడానికి జీతం మాట్లాడుకుని ఉంటారు. బూట్లు అందులో ఉన్నాయో లేవో, లేకపోతే దానికెంతో, అప్పజెప్పేముందు ఒకసారి అడిగి చూడండి.